కందికాయల కాలం

మొన్న మెహిదీపట్నం రైతుబజార్‌కి పాలకూర కోసం వెళ్తే, గేటు దాటగానే ఒకామె గోనెపట్టా మీద పచ్చి కందికాయలు కుప్పపోసుకుని కూర్చుంది. చేవెళ్ల దిక్కు నుంచి పొద్దున్నే ఆటోలో తెచ్చిందట. పాలకూర సంగతి పక్కనపెట్టి సంచి నిండా అవే కొన్నాను. ఇంటికొచ్చి కడిగి, వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, పిడికెడు రాళ్లుప్పు వేసి పొయ్యి మీద పెట్టాను. కాసేపటికి మూత కింద నుంచి వాసన మొదలైంది. పచ్చి ఆకు వాసన, ఉడికే గింజలోని తీపి, కాయ మీది జిగురు వేడెక్కితే వచ్చే ఘాటు, మూడూ కలిసిన ఆ వాసన కందికాయకు తప్ప ఇంక దేనికీ ఉండదు.

పక్క ఫ్లాట్ పాప వచ్చి గిన్నెలోకి తొంగిచూసి "ఆంటీ, ఇవి బఠానీలా?" అని అడిగింది. కాదమ్మా, కందికాయలు, మీ ఇంట్లో రోజూ చేసే పప్పు వీటిలోంచే వస్తుంది అన్నాను. నమ్మలేదు. పప్పు పసుపుపచ్చగా ఉంటుంది కదా, ఇవి ఆకుపచ్చగా ఉన్నాయేంటి అంది. కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. కాయ ఎండితే ఏమవుతుంది, లోపలి గింజ ఎలా ఉంటుంది, దాని పొట్టు ఎలా తీస్తారు అని చెబుతూ పోతే మా ఊరు, మా నానమ్మ, కల్లం, విసుర్రాయి అన్నీ వరసగా వచ్చేశాయి. పాప నాలుగు కాయలు ఒలుచుకుని తిని ఆడుకోవడానికి వెళ్లిపోయింది. తనకి చెప్పకుండా మిగిలిపోయిందంతా ఇక్కడ రాస్తున్నాను.

*

మాది తాండూరు దగ్గర, కాగ్నా నది అవతల ఒక చిన్న ఊరు. పైన నల్లరేగడి, కింద బండ. మా ఇంటి గోడలు, నేల, పశువుల నీళ్ల తొట్టి, బావి మెట్లు అన్నీ ఆ తాండూరు బండలే. రాత్రిపూట వాడి జంక్షన్ వైపు పోయే గూడ్సు బండి చప్పుడు చేన్ల మీదుగా ఇంటిదాకా వినిపించేది. కొంచెం దూరం పోతే కన్నడ మొదలవుతుంది. సంతలో కందుల బేరం మూడు భాషల్లో సాగేది, మేం కందులు అంటే అటువైపు వాళ్లు తొగరి అనేవాళ్లు, దుకాణం సేటు తూర్ అనేవాడు, ముగ్గురి చెయ్యీ ఒకే సంచిలో ఉండేది.

నీళ్లు పారే పొలాలు మాకు తక్కువ. పంట అంటే వాన మీద పండేదే. అందుకే ఇంట్లో జొన్నరొట్టె, దాంతో పప్పు. ఈ రెండూ ఒకే చేన్లో పెరిగేవి. తొలకరి పడ్డాక తాత గొర్రు కట్టి జొన్న వేస్తుంటే, వెనకే మా మేనత్త నడుస్తూ గొర్రుకు పక్కన కట్టిన విడి గొట్టంలో కందులు వదిలేది. కొన్ని జొన్న సాళ్లు, ఒక కంది సాలు, మళ్లీ కొన్ని జొన్న సాళ్లు. అట్లా చేనంతా.

జొన్న ఉన్నన్నాళ్లూ కంది బక్కపలచగా, ఎవరూ పట్టించుకోనట్టు ఉంటుంది. కొత్తవాళ్లు చూస్తే ఇది పండుతుందా అనుకుంటారు. కానీ ఆ నెలలన్నీ అది వేరు దించుకుంటూ ఉంటుంది. జొన్న కోసి ఎత్తేశాక, పైన వాన లేకపోయినా రేగడి లోపల మిగిలిన తడి పట్టుకుని ఒక్కసారిగా కొమ్మలేసి, కొన్ని వారాల్లోనే మనిషెత్తు అవుతుంది. "వానకు పెరిగేది జొన్న, మంచుకు పండేది కంది" అనేవాడు తాత. ఇప్పుడు వ్యవసాయ పుస్తకాల్లో చదువుతుంటే ఆయన మాట ఎంత సరిగ్గా ఉందో తెలుస్తోంది. కంది వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తాయి, రాలిన ఆకు అక్కడే కుళ్లి ఎరువవుతుంది. మా తాతకు నత్రజని తెలియదు, కంది వేసిన చోట మరుసటేడు జొన్న బాగా వస్తుందని మాత్రం తెలుసు.

పూత వచ్చే రోజులు నాకు బాగా ఇష్టం. పసుపు పువ్వు, రేక వెనక వైపు సన్నటి ఎర్ర గీతలు. పొద్దున చేన్లోకి పోతే మంచుకి లంగా మోకాళ్లదాకా తడిసిపోయేది. ఎండ ఎక్కేసరికి తేనెటీగల రొద. ఎక్కడా గాలి లేకపోయినా చేను కదులుతున్నట్టే వినిపించేది.

*

పూత మీద మబ్బు పడితే ఇంట్లో అందరి మొహాలూ మారిపోయేవి. "మబ్బు వట్టింది, ఇగ పురుగు దిగుతది" అని నానమ్మ ఆకాశం వైపు చూసి లోపలికి పోయేది. అన్నట్టే కాయతొలిచే పురుగు వచ్చేది. శనగపచ్చ పురుగు అని ఇప్పుడంటున్నారు. పచ్చగా, కాయ రంగులోనే ఉండి, తల కాయ లోపల పెట్టి ఒళ్లంతా బయట వేలాడేసుకుని గింజ తినేది.

అప్పటికి మందులు కొట్టే పంపు ఊళ్లో ఎవరికో ఒకరికి ఉండేది. మా పద్ధతి వేరు. పిల్లలందరం పొద్దున్నే చేన్లోకి పోవాలి. ఇద్దరు పాత దుప్పటి అటూ ఇటూ పట్టుకుని మొక్క కింద పరిస్తే, పెద్దవాళ్లు కొమ్మలు ఒడిసిపట్టుకుని గట్టిగా దులిపేవాళ్లు. టపటపా పురుగులు దుప్పట్లో పడేవి. చివరిదాకా వెళ్లేసరికి దుప్పటి మధ్యలో పురుగులన్నీ ఒకదాని మీద ఒకటి మెసిలేవి. ఆ శబ్దం, సన్నగా గరగరమని, ఇప్పటికీ గుర్తుంది. వాటిని తెచ్చి వాకిట్లో పోస్తే కోళ్లకు పండగ. ఆ వారమంతా మా కోళ్లు పిలవకపోయినా మా వెనకే తిరిగేవి. ఈ దులిపే పద్ధతి మా దగ్గరా, అటు కలబురగి వైపూ పాతదే. తర్వాత శాస్త్రవేత్తలు కూడా దీన్ని మంచి పద్ధతి అని రైతులకు చెప్పారని తెలిసినప్పుడు సంతోషం వేసింది. ఎందుకంటే మధ్యలో కొన్నేళ్లు దీన్ని అందరూ వదిలేసి, మందు మీద మందు కొట్టి, ఆ మందుకీ పురుగు చావక అప్పులపాలైన ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి.

*

కాయ గింజకట్టాక ఆ రెండు మూడు వారాలే మా పిల్లల రాజ్యం. కందికాయని చూసే ఉంటారు, గింజకీ గింజకీ మధ్య ఏటవాలు నొక్కులుంటాయి, కొన్ని మొక్కల కాయలు ఒట్టి పచ్చగా, కొన్నిటికి ముదురు చారలు. చారల కాయ తియ్యగా ఉంటుందని మా నమ్మకం, ఎవరికి దొరికితే వాళ్లు ఒళ్లో దాచుకునేవాళ్లం. పచ్చిగా తింటే మొదట వగరు, ఆ తర్వాత తీపి. ఎక్కువ తింటుంటే నానమ్మ కేకేసేది, "అన్ని వచ్చియి తింటే కడుపు నొస్తది బిడ్డా, ఉడకవెడ్త, జర ఆగు" అని. ఆగేవాళ్లం కాదు.

ఉడకబెట్టడం కంటే కాల్చింది ఇంకా బాగుంటుంది. సాయంత్రం పశువుల్ని తోలుకొచ్చే పిల్లలు గట్టు మీద ఎండుగడ్డి, కంప పోగేసి, కాయలున్న కొమ్మలకు కొమ్మలే మంటలో పెట్టేవాళ్లు. కాయ పగిలి చిటపటమంటుంది. మంట ఆరాక బూడిదలోంచి ఏరుకుని ఊదుకుంటూ తినడమే. మూతులు, చేతులు నల్లగా. ఇంటికొస్తే దొంగతనం చెప్పాల్సిన పనే లేదు, మొహం మీదే ఉండేది. అయినా దాన్ని దొంగతనం అని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. బాట పక్క మొదటి సాలు నడిచిపోయేవాళ్లదే అని ఊరందరికీ తెలుసు. సంతకు పోయేవాళ్లు, బడికి పోయే పిల్లలు, అడుక్కునేవాళ్లు, ఎవరైనా నాలుగు కాయలు తెంపుకోవచ్చు. ఒడి నిండా తెంపితే మాత్రం తిట్లు పడతాయి.

ఇంట్లో ఆ రోజుల్లో రోజూ ఏదో ఒకటి. పచ్చి కందులు ఒలిచి వంకాయతో కూర. ఉడికించి ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెడితే గుడాలు. పచ్చి కందులు కచ్చాపచ్చాగా దంచి, చింతపండు పోసి పులుసు పెట్టేది అమ్మ, అది జొన్నరొట్టెలో ముంచుకుని తింటే ఇంక కూర అక్కర్లేదు. ఒలిచేది మాత్రం రాత్రిపూట అందరం కూర్చుని. కిరసనాయిలు దీపం చుట్టూ గోనెపట్టా వేసి, మధ్యలో కాయల కుప్ప. గోళ్ల సందుల్లో పచ్చటి జిగురు పట్టి మర్నాడు బళ్లో పలక మీద మరకలయ్యేవి. కథలన్నీ ఆ ఒలుపుడు దగ్గరే విన్నాను. ఎవరి పెళ్లి ఎలా కుదిరింది, ఎవరి బావి ఎందుకు ఎండింది, రజాకార్ల కాలంలో మా ముత్తాత గింజలు ఎక్కడ దాచాడు, అన్నీ.

బఠానీ మాకు జాతరలో వేయించి అమ్మే గట్టి గింజే. పచ్చి బఠానీ నేను హైదరాబాద్ హాస్టల్‌కి వచ్చాకే చూశాను. మెత్తగా, తియ్యగా, బానే ఉంది. కానీ దానికి వగరు లేదు.

*

సంక్రాంతి అయ్యాక కోత. కొడవళ్లతో మొదలు దగ్గర నరికేవాళ్లు. తర్వాత ఆ చేన్లో నడవడం చాలా కష్టం, ఏటవాలుగా తెగిన కంది కొయ్యలు చెప్పుల్లోంచి కూడా దిగేవి. మా ఊళ్లో అరికాలికి కొయ్య మచ్చ లేని ఆడమనిషి ఉండదు. అమ్మ కాలికి ఇప్పటికీ ఉంది.

కట్టలు కట్టి కల్లంలో నిలబెట్టి ఎండనిచ్చి, కర్రలతో కొట్టేవాళ్లు. ఎదురెదురుగా నిలబడి, ఒకరి దెబ్బ తర్వాత ఒకరి దెబ్బ, లయ తప్పకుండా. తూర్పారబట్టాక కందులు ఎర్రగా కుప్పపడితే పొద్దుగూకే ఎండలో ఆ రంగు చూడాలి. తాత ఆ కుప్ప దగ్గరికి చెప్పులతో ఎవరినీ రానిచ్చేవాడు కాదు.

కందులు ఇంటికి పోయాక కల్లంలో మిగిలినదాన్ని చెత్త అని ఎవరూ అనలేదు. ఆకు, పొల్లు పశువులకు. లావు కట్టె పొయ్యిలోకి, త్వరగా అంటుకుని గట్టి మంట ఇస్తుంది, పొగ తక్కువ. సన్నటి పుల్లలు కలిపి కట్టి చీపురు, అది ఇంట్లోకి కాదు, వాకిలికీ కొట్టానికీ. మేకల దొడ్డికి తడక కంది కట్టెదే, దాని మీద పేడ మెత్తితే గోడ. ఇవన్నీ కాక, ఏటా ఆ సమయానికి బుట్టలల్లే దంపతులు గాడిద మీద సామాను వేసుకుని వచ్చి మా వేపచెట్టు కింద దిగేవాళ్లు. పచ్చిదనం పూర్తిగా పోని కట్టె ఏరుకుని, చీల్చి, వంచి, గంపలు అల్లేవాళ్లు. ఆమె చేతులు చూస్తూ గంటలు గంటలు కూర్చునేదాన్ని. డబ్బులు కాదు, గంపకి ఇన్ని కందులని లెక్క. పెరట్లో ఎరువు మోసినా, చేన్లో కాయలు తెంపినా, కోళ్లను కమ్మినా ఆ గంపలే. అవి పాతబడి చిల్లులు పడితే అవీ పొయ్యిలోకే. అంటే ఆరు నెలలు చేన్లో నిలబడ్డ మొక్క, మరో ఏడాది ఇంట్లో ఏదో ఒక పని చేస్తూనే ఉండేది. నా బెంగంతా దీని గురించే. పప్పు ఇప్పుడూ దొరుకుతుంది. ఈ మిగతాది ఎక్కడా దొరకదు.

*

కందుల్ని పప్పు చేయడం ఆడవాళ్ల పండగ, ఆడవాళ్ల చాకిరీ, రెండూ. కంది పొట్టు పెసర పొట్టులా సులువుగా రాదు, పప్పుకు జిగురుతో అతుక్కుని ఉంటుంది. దాన్ని వదిలించడానికే ఎర్రమట్టి. మెరక చేన్లోంచి మెత్తటి ఎర్రమట్టి తెచ్చి, రాళ్లు లేకుండా జల్లించి, నీళ్లలో కలిపి, నానిన కందులకు పట్టించి ఒక రాత్రి కుప్పగా ఉంచేవాళ్లు. తెల్లారి బండల మీద పరిచి ఎండబెడితే మట్టి పొడిగా రాలిపోతుంది, పొట్టు వదులవుతుంది. ఎండ తిన్న కందులు చేతిలోకి తీసుకుని నలిపి, చెవి దగ్గర పెట్టుకుని గలగల విని "అయినయ్" అనేది నానమ్మ. ఆమె అయినయ్ అన్నదాకా విసుర్రాయి కదలదు.

రాయికి అటొకరు, ఇటొకరు. ఒకే పిడి ఇద్దరు పట్టుకుని, కాళ్లు చాపుకుని. వదినా మరదళ్లయితే పాట, అత్తాకోడళ్లయితే మౌనం అని మా మేనత్త అనేది, కానీ మా ఇంట్లో అమ్మా నానమ్మా కూడా పాడారు. రాయి గరగర, గాజుల చప్పుడు, పాట, మూడూ తెల్లవారుజామునే మొదలయ్యేవి. నేను దుప్పటి కింద అటూ ఇటూ కాని నిద్రలో వినేదాన్ని. తర్వాత చాటలో చెరగడం. బద్ద ఒకవైపు, నూక ఒకవైపు, పొట్టు గాల్లో. నూకతో మాకు కారపు గటక, పొట్టు తడిపి బర్రెకి. బర్రె ఆ రోజుల్లో చిక్కటి పాలిచ్చేది.

"కందులుగ ఉంచితె పుచ్చుతయి, పప్పు జేస్తె నిలుస్తది" అని ఏడాదికి సరిపడా ఒకేసారి చేసేవాళ్లు. విత్తనం కందులు మాత్రం బూడిద కలిపి కుండలో పోసి, మూతికి పేడతో మెత్తి అటక మీద. ఆ కుండ జోలికి ఎవరూ పోకూడదు, ఇంట్లో పప్పు అయిపోయినా సరే.

ఆ పప్పు వండితే కుంపటి మీద తొందరగా ఉడికేది. కడిగిన నీళ్లు కొంచెం ఎర్రగా వచ్చేవి, ఎంత చెరిగినా ఆ మట్టి కాస్త మిగిలేది. ముద్దపప్పు, పచ్చిపులుసు ఒక రోజు, పుంటికూర పప్పు ఒక రోజు, చింతచిగురు దొరికే రోజుల్లో అదే. పైన తేరిన కట్టు తీసి మిరియాలు దంచి వేసి చారు పెడితే జ్వరం వచ్చినవాళ్లకు, బాలింతలకు. పప్పు లేని రోజు ఇంట్లో అన్నం తిన్నట్టు లెక్క కాదు.

*

నాయిన తర్వాత చేను చిన్నాయిన చూసుకుంటున్నాడు. ఎండు తెగులు ఒక ఏడు చేను సగం ఎండబెట్టేసింది, గొడ్డుమోతు తెగులు వస్తే మొక్క పచ్చగా గుబురుగా ఉంటుంది కానీ పూతే ఉండదు. అప్పుడు పటాన్‌చెరు పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ల ఆశ అనే కంది రకం ఊళ్లోకి వచ్చింది, ఆ రెండు తెగుళ్లనూ తట్టుకునే రకం. 2011లో కంది జన్యుక్రమం మొత్తం చదివారని పేపర్లో వచ్చినప్పుడు, వాళ్లు చదివింది ఆ ఆశ మొక్కదే అని చూసి, ఆ ముక్క కత్తిరించి ఊరికి పంపాను. చిన్నాయిన దాన్ని క్యాలెండర్ వెనక పెట్టుకున్నాడు.

2015లో పట్నంలో కందిపప్పు కిలో రెండు వందలైనప్పుడు అందరూ నాకు ఫోన్ చేసి, మీవాళ్లకి పంట పండింది కదా అన్నారు. చిన్నాయిన కందులు అప్పటికి ఎప్పుడో మార్కెట్‌కి పోయాయి, ఆ ధరలో ఆయనకు వచ్చింది ఏమీ లేదు. 2022లో తాండూరు కందిపప్పుకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మాత్రం ఆయనే ఫోన్ చేశాడు. "మన పప్పుకు పేరొచ్చిందమ్మా" అన్నాడు. మా నేల కింది ఆ సున్నపురాయే రుచికి కారణమని ఇప్పుడు అంటున్నారు, మాకు చిన్నప్పుడు కాలికి తగిలిన రాయి అది.

మా అమ్మాయి అమెరికాలో తనతో పనిచేసే పోర్టోరికో అమ్మాయి ఇంటికి క్రిస్మస్‌కి వెళ్లి ఫోటో పంపింది, అన్నంలో పచ్చి కందులు. అరోజ్ కాన్ గండూలెస్ అంటారట, పండగకి అది లేకపోతే కుదరదట. మన దేశంలో పుట్టిన గింజ ఆఫ్రికా చేరి, అక్కడి నుంచి బానిసలుగా తరలించిన మనుషులతో పాటు ఆ దీవులకు పోయింది. ఎంత కష్టం మోసుకుపోయిన గింజ. "అమ్మా, అచ్చం నీ గుడాల వాసనే" అని రాసింది.

ఈ ఏడు చిన్నాయిన చేన్లో కోత మిషన్‌తో చేస్తారట. మనుషులు దొరకట్లేదు, ఆయన్ని ఏమనగలం. మిషన్ కట్టెను ముక్కలు చేసి చేన్లోనే చిమ్మేస్తుంది. బుట్టల వాళ్లు రాక చాలా ఏళ్లయింది. జొన్న వేసేవాళ్లు తగ్గి, పత్తి పెరిగింది. అయినా బాట పక్క మొదటి సాలు ఇంకా బాటసారులదే, దాని మీద చిన్నాయిన ఎవరి మాటా వినడు.

నిన్న రాత్రి ఫోన్లో అమ్మకు రైతుబజార్ సంగతి చెప్తే, ఈ పండక్కి పాత పద్ధతిలో కాసిని పప్పు చేద్దాం, ఎర్రమట్టి తెప్పించమంది. పక్కనే ఉన్న చిన్నమ్మ ఫోన్ లాక్కుని, కందులు రాత్రంతా నానితే బద్ద విరిగిపోతుంది, రెండు మూడు గంటలు చాలు అంది. అమ్మ ఒప్పుకోలేదు, అత్త రాత్రంతా నానబెట్టేది అంది. చిన్నమ్మ, నాకు నేర్పింది కూడా అత్తే అంది. చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఇద్దరూ చెరో కుంచెడు కందులు ఎవరి పద్ధతిలో వాళ్లు చేయాలని, విసుర్రాయి కడిగి పెట్టే పని నాదని తేలింది.